గోదాము తాళం, జొన్న పాతర

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని బియ్యం గోదాముల్లోనే గడిచింది. బస్తాలు లెక్కపెట్టించడం, కాంటా వేయించడం, లారీకి ట్రక్ షీట్ రాయడం, చీకటి పడే వేళకు తాళం వేసి సీలు చూసుకోవడం నా పని. అలవాటు ఎక్కడికి పోతుంది? ఏ దేశంలో కరువని చదివినా, అక్కడ వానలు పడ్డాయా లేదా అన్నదాని కంటే ముందు, నిల్వ ఎక్కడుంది, దారి ఎవరి చేతిలో ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుంది అన్న ప్రశ్నలే నాకు తడతాయి. 2023 నుంచి అంతర్యుద్ధంలో, కరువులో చిక్కుకున్న ఆఫ్రికా దేశం సుడాన్ గురించి ఇన్నాళ్ళుగా నన్ను చదివిస్తున్నవీ, ఈ రాతకు కారణమైనవీ ఆ ప్రశ్నలే.

సుడాన్ మీద నాకు ఆసక్తి కలగడానికి ఇంకో కారణం ఉంది. అక్కడి యుద్ధానికి ముందు ఒక దసరాకు, హైదరాబాదులో ఫార్మసీ చదువుతున్న మా తమ్ముని కొడుకు తన తరగతి మిత్రుణ్ణి వెంటబెట్టుకొని పాలమూరు వచ్చాడు. ఆ అబ్బాయిది సుడాన్‌లోని గెజీరా ప్రాంతం. పరదేశపు పిల్లవాడు మన తిండి తింటాడో లేదోనని మా ఇంటావిడ చపాతీలు చేసింది గానీ, అతని చూపంతా మా అమ్మ కోసం వండిన జొన్న గట్క గిన్నె మీదే ఉంది. వాళ్ళు దాన్ని అసీదా అంటారట. జొన్నపిండిని ఇలాగే గట్టిగా కలియబెట్టి, ఎండబెట్టిన బెండకాయల పొడి వేసి కాచిన పులుసు పోసుకొని తింటారట. జొన్నను దురా అంటారనీ, పులిసిన జొన్నపిండితో పెనం మీద పలుచటి అట్లు పోస్తారనీ, వాటి పేరు కిస్రా అనీ చెప్పాడు. మా అమ్మకు ఉర్దూ కొంచెం వచ్చు, అతనికి హైదరాబాదు హిందీ కొంచెం వచ్చు. ఇద్దరూ గంటసేపు జొన్నల ముచ్చటే పెట్టుకున్నారు. ఆ మాటల్లోనే, వాళ్ళ పల్లెల్లో కూడా భూమిలో గొయ్యి తవ్వి జొన్నలు దాస్తారనీ, దాన్ని మత్మూరా అంటారనీ బయటపడింది. "అయితే మనోళ్ళే" అని మా అమ్మ తేల్చేసింది.

పాతర చూసినవాళ్ళు ఇప్పుడు మా ఊళ్ళలోనూ తక్కువే. ఎత్తు నేలలో, చెమ్మ తగలని చోట, మనిషి లోతుకు మించి తవ్వి, అడుగునా చుట్టూరా జొన్నచొప్ప పరిచి, జొన్నలు పోసి, పైన బండ కప్పి మట్టితో మెత్తేవారు. విప్పిన రోజున ఎవరూ వెంటనే దిగేవారు కాదు. మూత తీసి గాలి ఆడనిచ్చి, తాడు కట్టిన దీపాన్ని లోపలికి వదిలేవారు. దీపం ఆరిపోతే ఇంకా విషపు గాలి పోలేదని ఆగేవారు. దేవరకొండ వైపున్న మా తాత ఇంట్లో ఇలాంటివి మూడు ఉండేవట. రెండో ప్రపంచ యుద్ధం నాటి నిజాం సర్కారు లెవీ పేరిట ధాన్యం గుంజుకుపోతున్న రోజులవి. దేశ్‌ముఖుల గాదెలు తప్పించుకోగా, లెవీ భారమంతా చిన్న రైతు కల్లం మీద పడేది. ఆ తర్వాత రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు. ఇంటి ముందరి పాతరను మా తాత "సూపెట్టే పాతర" అనేవాడట. వచ్చినవాళ్ళు తవ్వుకొని, దొరికిందని సంబరపడి పోవడానికి అది. మిగతా రెండింటి జాడ ఆయనకూ మా పెద్దనాయనకూ తప్ప మా నాయనమ్మకు కూడా తెలియదట. కొట్టి అడిగితే చెప్పేస్తుందన్న భయంతో కాదు, తెలియనిదాని కోసం ఆమెను కొట్టినా ఫలితం ఉండదని. ఆ తర్కం నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడదు గానీ, ఆ ఇంట్లో ఆ ఏళ్ళలో ఎవరూ ఆకలితో పోలేదు.

2023 ఏప్రిల్ 15న ఖార్తూమ్‌లో కాల్పులు మొదలయ్యాయి. ఒక పక్క జనరల్ అబ్దెల్ ఫత్తా అల్ బుర్హాన్ నడిపే సైన్యం, మరో పక్క హెమెద్తీగా పేరుపడ్డ మహమ్మద్ హమ్దాన్ దగాలో నాయకత్వంలోని ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే సాయుధ దళం. 2021లో చేయి చేయి కలిపి అధికారం లాక్కున్నవాళ్ళే ఈ ఇద్దరూ. పోరు ఖార్తూమ్ దాటి పడమటి దార్ఫూర్‌కు పాకింది. డిసెంబరు నాటికి ఆ దళం గెజీరా ముఖ్యపట్టణమైన వాద్ మదానీని పట్టుకుంది. అక్కడ ప్రపంచ ఆహార కార్యక్రమానికి ఒక పెద్ద గోదాము ఉండేది. దాదాపు 15 లక్షల మందికి నెల రోజులు సరిపోయే సరుకు అందులో నిల్వ ఉంది. అదంతా దోపిడీ అయిపోయింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బీగం పగలగొట్టిన చప్పుడు, లారీలు వెనక్కి పెట్టి హమాలీలను బెదిరించి బస్తాలు ఎక్కిస్తున్న దృశ్యం కళ్ళ ముందే కనబడ్డట్టుగా అనిపించింది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ గోదాము ఎంత పెద్దదైతే అంత భద్రత అని నమ్మాను. శాంతిగా ఉన్న దేశానికి ఆ నమ్మకం సరిపోతుంది. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడినప్పటి నుంచి మన దేశం నిల్వల మీద ఆధారపడే కరువులను దాటింది; 1983లో మన రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది; 2025 ఉగాది నాడు మా పక్క హుజూర్‌నగర్‌లో రేషన్ మీద సన్నబియ్యం మొదలుపెట్టి, మనిషికి 6 కిలోల చొప్పున ఇస్తున్నారు. కానీ తుపాకులు పట్టుకున్నవాళ్ళు ఊరేగే దేశంలో పెద్ద గోదాము అందరికీ కనిపించే సూపెట్టే పాతరే అవుతుంది. దాన్ని నింపడమంటే ఎవరో ఒక దళానికి ఆర్నెల్ల తిండి సిద్ధం చేసిపెట్టడం. యుద్ధంలో తిండిని ఎంత చిన్న చిన్న భాగాలుగా, ఎన్ని ఎక్కువ చేతుల్లోకి, ఎంత తొందరగా చెదరగొడితే అంత మంచిదన్నది ముప్పై ఏళ్ళు తాళం వేసిన మనిషిగా ఇప్పుడు నాకున్న అభిప్రాయం. మా శాఖలో ఉన్నప్పుడు ఈ మాట అని ఉంటే నన్ను ఆడిట్‌కు అప్పగించేవారు.

నిల్వ ఉన్నంత మాత్రాన ఆకలి తీరదన్నది నాకు ఏ పుస్తకమూ నేర్పనక్కర్లేదు. 2002, 2003 ఎండాకాలాల్లో పాలమూరు ఎలా ఉండేదో చూసినవాళ్ళకు తెలుసు. బోర్లు ఎండిపోయి, పశువులను కబేళాలకు తోలి, ముసలివాళ్ళను ఇంటికి కాపలా పెట్టి, ఉన్నవాళ్ళంతా బొంబాయి బస్సులెక్కిన రోజులు. ఊళ్ళలో గంజి కేంద్రాలు నడిచాయి. పనికి ఆహార పథకం కింద ఇవ్వాల్సిన బియ్యం మా గోదాముకు వచ్చి చేరింది గానీ, విడుదల ఉత్తర్వు మీద ఎక్కడో ఒక సంతకం ఆగి, పదకొండు రోజుల పాటు ఆ బస్తాల దొంతర అట్లాగే ఉండిపోయింది. ఎలుకలు తిన్నదానికి నేను తరుగు రాశాను. నాలుగో రోజునో ఐదో రోజునో దగ్గరి తండా నుంచి ఒక ఆమె చంకలో బిడ్డను వేసుకొని, చేతిలో చీపురు పట్టుకొని వచ్చింది. అంతకు ముందు రోజు వేరే సరుకు లారీకి ఎక్కించినప్పుడు గేటు దగ్గర గింజలు రాలాయి. "సారూ, కింద వడ్డయి ఊడ్సుకపోత. మీకు పనికొస్తయా అవి?" అని అడిగింది. రాలిన గింజలను ఊడ్చి, తూకం వేసి, ఊడుపు బియ్యం కింద రిజిస్టరులో చూపాలన్నది నిబంధన. వద్దన్నాను. ఆమె గొడవ పడలేదు, తిట్టలేదు. చీపురు అక్కడే గోడకు ఆనించి, మళ్ళీ వస్తానన్నట్టు పోయింది. మరుసటి రోజు నేనే హమాలీ చేత కబురు పంపి ఊడ్చుకోమన్నాను. మూడు కిలోలు కూడా ఉండవు, సగం మట్టి. ఆ రోజు రిజిస్టరులో ఊడుపు బియ్యం గడి ఖాళీగా వదిలేశాను. నా మొత్తం సర్వీసులో తెలిసి చేసిన తప్పుడు రాత అదొక్కటే.

పదకొండు రోజులకు మా దగ్గర ఎవరూ చనిపోలేదు. ఎందుకంటే గంజి కేంద్రం ఉంది, బొంబాయి బస్సుంది, అప్పిచ్చే షావుకారున్నాడు. ఈ మూడూ లేని చోట పదకొండు రోజులంటే ఏమిటో చెప్పడానికి ఒక కొలత ఉంది. కరువు తీవ్రతను ఐదు దశలుగా విభజించే అంతర్జాతీయ పద్ధతిని ఐపీసీ అంటారు. మన పాత శిక్షాస్మృతికీ దీనికీ సంబంధం లేదు. 2004లో సొమాలియాలో పుట్టిన పద్ధతి ఇది. ఐదో దశ అని ప్రకటించాలంటే నూటికి 20 కుటుంబాలకు తిండి దాదాపు పూర్తిగా కరువై ఉండాలి, ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 30 మంది చిక్కి శల్యమై ఉండాలి, పదివేల జనాభాకు రోజుకు ఇద్దరు చొప్పున చనిపోతూ ఉండాలి. మామూలు రోజుల్లో పదివేల జనాభా ఉన్న మన మండల కేంద్రంలో ఐదు రోజులకు ఒక చావు జరుగుతుందనుకుంటే, ఆ లెక్కన ఐదు రోజులకు పది చావులు. అంటే కరువు అని అధికారికంగా పేరు పెట్టేసరికే శ్మశానంలో చోటు వెతుక్కోవాల్సిన స్థితి వచ్చేసి ఉంటుంది. 2011 జులైలో సొమాలియాలో కరువు ప్రకటించారు. ఆ విపత్తులో చనిపోయిన సుమారు 2 లక్షల 58 వేల మందిలో దాదాపు సగం మంది అప్పటికే పోయారని తర్వాత తేలింది.

పైగా ఆ ప్రకటనకు కావాల్సిన లెక్కలు తీయడానికి ఇల్లిల్లూ తిరిగే మనిషి కావాలి, పిల్లల జబ్బ కొలిచే పట్టీ కావాలి. కాల్పుల మధ్య ఎవరు తిరుగుతారు? తిరగనిచ్చినా ఏలికలకు ఆ పేరు గిట్టదు. 1943లో బెంగాల్లో లక్షలకు లక్షలు రాలిపోతున్నా అప్పటి ప్రభుత్వం కరువు నియమావళి కింద కరువును ప్రకటించనే లేదు, ప్రకటిస్తే సాయం బాధ్యత మెడకు చుట్టుకుంటుంది కాబట్టి. అది కూడా యుద్ధం తెచ్చిన ఆకలే. బర్మా బియ్యం ఆగిపోయింది, జపాను సైన్యానికి చిక్కకూడదని తీరప్రాంతపు పడవలను స్వాధీనం చేసుకున్నారు, పడవలు పోయేసరికి పల్లె నుంచి అంగడికి దారే పోయింది. సుడాన్‌లో 2024 ఆగస్టు 1న, ఉత్తర దార్ఫూర్ ముఖ్యపట్టణమైన ఎల్ ఫాషర్ దగ్గరి జమ్‌జమ్ నిర్వాసితుల శిబిరంలో కరువు ఉందని ఐపీసీ నిపుణుల సంఘం నిర్ధారించింది. డిసెంబరులో మరికొన్ని శిబిరాలనూ నూబా కొండల పడమటి భాగాన్నీ ఆ జాబితాలో చేర్చింది. అదే డిసెంబరులో సుడాన్ ప్రభుత్వం ఐపీసీతో తెగతెంపులు చేసుకుంది. థర్మామీటరు విరగ్గొడితే జ్వరం తగ్గుతుందా? అందుకే ప్రకటన కోసం ఎదురుచూడడం మానేయాలి. మూడో దశలోనే, అంటే జనం పశువులనూ గిన్నెలనూ అమ్ముకోవడం మొదలుపెట్టినప్పుడే డబ్బు కదలాలి. 2017లో సొమాలియాకు మళ్ళీ అదే గతి పట్టబోతే, ముందుగానే కుటుంబాలకు నగదు పంపడం వల్ల కరువు తప్పింది. 2022లో ఆ దేశంలోనే బైదోవా ప్రాంతంలోనూ అంచనా వేసిన కరువు చివరి ఘడియలో తప్పింది. అయినా ఆ ఒక్క ఏడాదిలో 43 వేల దాకా అదనపు మరణాలు జరిగి ఉంటాయని అంచనా. కరువు తప్పిందన్న మాటను సంబరంగా రాయలేకపోవడానికి ఈ అంకె చాలు.

ఇక దారి సంగతి. దార్ఫూర్‌కు దగ్గరి దారి చాద్ దేశం నుంచి అద్రే అనే సరిహద్దు ఊరి మీదుగా ఉంటుంది. ఆయుధాలు వస్తున్నాయన్న కారణం చూపి సుడాన్ ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ఆ దారిని సాయానికి మూసివేసింది. కరువు నిర్ధారణ అయ్యాక, ఆగస్టులో మూడు నెలలకని తెరిచి, తర్వాత గడువు పొడిగిస్తూ వచ్చింది. ఆగస్టు అంటే అక్కడ నట్టవానల కాలం. వాగులు పొంగి లారీలు రోజుల తరబడి ఇసుకలో దిగబడిపోయే నెల. ఎండాకాలంలో తాళం వేసి వానాకాలంలో తీశారన్న మాట.

ఇంకొక సంఘటన చెప్పకపోతే ఈ రాత పూర్తి కాదు. 2025 జూన్ మొదట్లో సాయం సరుకుతో 15 లారీల వరుస ఒకటి ఎర్ర సముద్రం ఒడ్డునున్న పోర్ట్ సుడాన్ నుంచి బయలుదేరి 1,800 కిలోమీటర్లు నడిచి, ఎల్ ఫాషర్ ఇంకో 80 కిలోమీటర్లు ఉందనగా, అల్ కోమా అనే చోట ముందుకు కదలడానికి అనుమతి కోసం ఆగింది. అక్కడ దాని మీద దాడి జరిగింది. ఐదుగురు చనిపోయారు, లారీలు కాలిపోయాయి. మా లారీల లెక్కన ఒక్కో లారీకి 16 టన్నులు, మనిషికి రోజుకు 450 గ్రాముల చొప్పున చూస్తే, ఒక లారీ సుమారు 1,180 మందికి నెల తిండి. పదిహేను లారీలంటే మన పెద్ద మండల కేంద్రం ఒకటి నెల బతుకుతుంది. వైరి పక్షాలు రెండింటికీ ఆ వరుస వస్తున్న సంగతి ముందే తెలుసు, దారి ముందే చెప్పి ఉంది. అనుమతి కోసం ఆగిన లారీయే అన్నిటికంటే ప్రమాదంలో ఉంటుందని మా డ్రైవర్లు చెక్‌పోస్టుల దగ్గర విసుక్కుంటూ అనేవారు. వాళ్ళ బాధ మామూళ్ళ గురించి, ఇక్కడ ప్రాణాల గురించి.

లారీ చేరని చోట మనుషులను బతికించింది వీధి వంటశాలలు. వాటిని తకాయా అంటారు. సూఫీ మఠాల్లో వచ్చినవాళ్ళకు అన్నం పెట్టే పాత ఆచారం నుంచి వచ్చిన పేరట. మన జహంగీర్ పీర్ దర్గా దగ్గర కందూరు చేసినప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా వరుసలో కూర్చొని తినిపోతారు కదా, ఆ పద్ధతినే ప్రతి రోజూ, ఎవరి మొక్కూ లేకుండా, బాంబుల మధ్య నడపడం ఊహించుకోవాలి. 2019 నాటి ప్రజా ఉద్యమంలో వీధివీధినా బలపడ్డ యువకుల సంఘాలు యుద్ధం రాగానే అత్యవసర సహాయ బృందాలుగా మారాయి. కార్యాలయం లేదు, బోర్డు లేదు, గోదాము అసలే లేదు. విదేశాల్లో ఉన్న బంధువులు బాంకక్ అనే బ్యాంకు యాప్ ద్వారా డబ్బు పంపితే, ఆ పూట అంగట్లో ఏ వ్యాపారి దగ్గర ఏది దొరికితే అది కొని, పెద్ద డేగిశాలో పప్పో జొన్నపిండో ఉడికించి, గిన్నెలతో వచ్చినవాళ్ళకు పోసేవారు. యుద్ధం ఎంత ముదిరినా వ్యాపారి ఏదో ఒక సందు నుంచి సరుకు తెస్తాడు. సాయం లారీకి లేని దారి అతనికి ఉంటుంది. డబ్బు పంపితే ఆ దారి బతుకుతుంది. నిల్వ లేదు కాబట్టి దోచుకోవడానికీ ఏమీ ఉండదు. అయినా ఈ పిల్లలను రెండు పక్షాలూ అవతలివాడి మనుషులన్న అనుమానంతో పట్టుకుపోయాయి, కొందరిని చంపాయి. ఈ బృందాలకు 2025లో, ప్రత్యామ్నాయ నోబెల్‌గా పేరున్న రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది. అదే ఏడాది మొదట్లో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్కసారిగా నిలిపివేయడంతో వందల వంటశాలల పొయ్యిలు ఆరిపోయాయి. ఇంత చవకైన, ఇంత దగ్గరి ఏర్పాటుకు నిధులు ముందు ఇచ్చి చివర ఆపాల్సింది పోయి, చివర ఇచ్చి ముందు ఆపారు.

అయితే నా వాదనకు ఎల్ ఫాషర్ దగ్గర గట్టి దెబ్బ తగులుతుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2024 మే నుంచి ఆ నగరాన్ని ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ ముట్టడించింది. 2025లో చుట్టూరా మట్టికట్టలు పోసి, మనుషులూ గాడిదలూ కూడా దాటకుండా చేశారు. అప్పుడు యాప్‌లో డబ్బున్నా కొనడానికి అంగట్లో గింజ లేదు, వంటశాలలకూ వ్యాపారికీ ఒకటే గతి పట్టింది. అక్కడి జనం చివరకు అంబాజ్ తిన్నారు. అంబాజ్ అంటే మరేమీ కాదు, పల్లీలు గానుగ ఆడించగా మిగిలే చెక్క. వనపర్తి వైపు నూనె మిల్లుల ముందు పలకలు పలకలుగా పేర్చి ఉంటుంది. బర్రెలకు నానబెట్టి పెడతాం. ఆ వార్త చదివాక ఒకసారి మిల్లు దగ్గర ఆగి ఒక పెచ్చు విరిచి నోట్లో వేసుకున్నాను. మొదట పల్లీ వాసన, తర్వాత పొట్టు, ఇసుక, గొంతు దగ్గర పట్టేసే ఒక చేదు. పెద్దవాడినైన నాకే మింగడం కష్టమైంది. కొన్నాళ్ళకు వాళ్ళకు అది కూడా దొరకలేదు.

చేదైన సంగతి ఏమిటంటే, అదే పల్లీ ముద్ద సరైన రూపంలో ఉంటే బక్కచిక్కిన బిడ్డను నిలబెడుతుంది. పల్లీలు, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపి 92 గ్రాముల పొట్లంలో పెడితే అందులో 500 క్యాలరీల బలం ఉంటుంది. నీళ్ళు కలపనక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు, చింపి నోట్లో పెట్టడమే. మన అంగన్‌వాడీలో బాలామృతం కలపడానికి కావాల్సిన శుభ్రమైన నీళ్ళు యుద్ధంలో దొరకవు కనుక ఆ తేడా చిన్నది కాదు. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తగ్గిన బిడ్డకు కొన్ని వారాల పాటు ఈ పొట్లాలు అందితే చాలా మంది లేచి ఆడుకుంటారు. కరువులో చావులు ఎక్కువగా ఖాళీ కడుపు వల్ల నేరుగా రావు. విరేచనాలు, తట్టు, కలరా ఆ కడుపును వెతుక్కుంటూ వస్తాయి. సుడాన్‌కు కలరా వచ్చింది కూడా. కాబట్టి బియ్యం లారీ వెనక క్లోరిన్ డబ్బాలూ టీకాల పెట్టెలూ రాకపోతే ఆ బియ్యం సగం పనే చేస్తుంది. ప్రపంచంలో పల్లీలు బాగా పండించే దేశాల్లో సుడాన్ ఒకటి కావడం ఈ కథలో నన్ను ఎక్కువగా వేధించే విషయం.

2025 అక్టోబరు చివర్లో ఎల్ ఫాషర్ ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ చేతిలోకి వెళ్ళింది. నవంబరులో ఆ నగరంలోనూ దక్షిణాన కాదుగ్లిలోనూ కరువు ఉన్నట్టు నిర్ధారించారు. ఆకలిని ఆయుధంగా వాడరాదని 1977 నాటి జెనీవా ఒప్పందాల అనుబంధం చెబుతుంది. 2018 మేలో భద్రతా మండలి 2417వ తీర్మానంలో అదే మాట మళ్ళీ చెప్పింది. అంతర్యుద్ధాల్లో కూడా అది యుద్ధ నేరమేనని 2019లో, అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి ఆధారమైన రోమ్ శాసనాన్ని సవరించారు. కాగితం గట్టిదే. ముట్టడి వేసిన సేనాని ఆస్తులకు తాళం పడనంత కాలం, అతని బంగారం కొనే దేశమూ ఆయుధాలు పంపే దేశమూ అతనికి అడ్డుపడనంత కాలం ఆ కాగితం మా రిజిస్టరులోని తరుగు గడి లాంటిదే. మట్టికట్టను పగలగొట్టగలిగేది వంటశాల కాదు, ఆ దేశాల మీద వచ్చే ఒత్తిడే. అక్కడిదాకా నా చిన్న పాతరల సిద్ధాంతం పోదు. దారి ఏ కొంచెం తెరిచినా ఏం సాధ్యమో దక్షిణ సుడాన్ చూపింది: 2017 ఫిబ్రవరిలో లీర్, మాయెందిత్ ప్రాంతాల్లో కరువు ప్రకటించాక, విమానాల నుంచి బస్తాలు జారవిడిచీ, బృందాలను దింపి పేర్లు రాసుకొని అక్కడికక్కడే పంచీ, జూన్ నాటికి ఆ ప్రకటనను ఉపసంహరించగలిగారు. విమానం ఖర్చు లారీ ఖర్చుకు ఎన్నో రెట్లు, అందుకే అది అన్నీ మూసుకుపోయాక పట్టే దారి.

విత్తనం గురించి పేపర్లలో తక్కువ రాస్తారు. గెజీరా కాల్వల కింద, 1925లో సెన్నార్ ఆనకట్టతో మొదలైన ఆ పథకంలో, ఇరవై లక్షల ఎకరాలకు పైగా సాగు ఉంది. సుమారుగా మన నాగార్జునసాగర్ కుడి ఎడమ కాల్వల ఆయకట్టు అంత. సాగర్ ఎడమ కాల్వకు ఒక్క ఏడాది నీళ్ళు వదలకపోతే మిర్యాలగూడ మిల్లులు ఏమవుతాయో, హాలియా రైతు ఏమంటాడో మనకు తెలుసు. అక్కడ కాల్వలతో పాటు ట్రాక్టర్లూ పంపుసెట్లూ విత్తనాల నిల్వలూ పోయాయి. జూన్‌లో జొన్న విత్తకపోతే నవంబరులో కోత ఉండదు, కోత లేకపోతే మరుసటి జూన్ దాకా సాయం బస్తాయే దిక్కు. ఏప్రిల్‌లో పంపే ఒక విత్తనపు సంచి డిసెంబరులో పంపే చాలా బస్తాల పని చేస్తుంది. దాన్ని తినకుండా నాటాలంటే దానితో పాటు ఆ రెండు నెలల తిండి కూడా ఇవ్వాలి. మా దగ్గర కరువు ఏళ్ళలో విత్తనం పల్లీలు వేయించుకుతిన్న ఇళ్ళు నాకు తెలుసు, వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

2025 జనవరిలో సైన్యం వాద్ మదానీని తిరిగి పట్టుకున్నాక మా దసరా చుట్టం కుటుంబం నెమ్మదిగా ఊరు చేరింది. అతను ఇంకా హైదరాబాదులోనే ఉన్నాడు, చదువు అయిపోయింది, పోవడానికి దారి లేదు. పోయిన నెల ఫోన్ చేసి మా అమ్మ ఎలా ఉందని అడిగాడు. వాళ్ళ ఊరి కాల్వలో పూడిక నడుము లోతు ఉందట, అయినా వాళ్ళ మామ వాన మీద ఆధారపడి కొంత జొన్న వేశాడట, పొట్టిగా వచ్చిందట. ఇంటి వెనక మత్మూరాను సాయుధులు తవ్వి అడుగు దాకా ఊడ్చుకుపోయారని చెప్పాడు. మా తాత సంగతి అతనికి ఆ దసరా నాడే చెప్పి ఉన్నాను కాబట్టి, ఒక్కటే ఉండేదా అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వి, అలాంటివి ఫోన్‌లో అడగకూడదు అంకుల్ అన్నాడు.